నటదర్శకుల వరుసలో ఎల్.వి. ప్రసాద్ పేరు ఉండాలి

సంపాదక మహాశయులకు నమస్కారములు.

గత ఆదివారం మీ అనుబంధంలో, నటులుగా ఉండి దర్శకత్వం చేపట్టిన తెలుగువారి గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. 1946లో 'త్యాగయ్య'కు దర్శకత్వం వహించి త్యాగరాజ పాత్రనూ తానే పోషించిన చిత్తూరు నాగయ్య మొదలుకొని, 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో తీసిన భానుమతి, 'చదరంగం', 'బాంధవ్యాలు' చిత్రాలు తీసిన ఎస్.వి. రంగారావు, 'చిన్నారి పాపలు' తీసిన సావిత్రి, 'శ్రీకృష్ణ పాండవీయం', 'దానవీరశూర కర్ణ' తీసిన ఎన్.టి. రామారావు, 44 చిత్రాలకు దర్శకత్వం వహించి గిన్నిస్ పుస్తకానికెక్కిన విజయనిర్మల, 1986లో 'సింహాసనం' తీసిన కృష్ణ వరకు అందరినీ వ్యాసకర్త పేరుపేరునా తలుచుకున్నారు. ఎవరినీ తక్కువ చేయలేదు, ఎవరినీ ఆకాశానికెత్తలేదు. అంతవరకు సంతోషమే. కాని ఆ వరుసలో ఎల్.వి. ప్రసాద్ గారికి చోటు దొరకలేదు. వేరే సందర్భంలో, వేరే ఎవరి గురించో చెబుతూ 'ప్రముఖ నిర్మాత ఎల్.వి. ప్రసాద్' అని ఒక్క మాట అన్నారు. వ్యాసకర్త మరచిపోయి వదిలేశారని నేననుకోను. నటుడు దర్శకుడు కావడమంటే పెద్ద హీరోనో హీరోయినో మెగాఫోను పట్టుకోవడమేనన్న అభిప్రాయం మనలో చాలామందికి ఉన్నది. ఆ అభిప్రాయం వల్లనే ఆయన పేరు జారిపోయింది. దాని మీద నాకున్న అభ్యంతరాన్ని కొంచెం విస్తరించి చెప్పుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను. నిడివి మీ శీర్షికకు ఎక్కువైతే కుదించుకునే స్వేచ్ఛ మీకున్నది.

మా విజయవాడలో ఇవాళ ఎల్.వి. ప్రసాద్ అనే పేరు వినిపించేది ఎక్కువగా బందరు రోడ్డు మీద, ఆటోలలో. కంటికి శుక్లం వచ్చిన పెద్దవాళ్లను వెంటబెట్టుకొని పల్లెల నుంచి వచ్చినవారు బస్టాండు బయట నిలబడి 'ఎల్వీ ప్రసాద్‌కు వస్తావా?' అని అడిగితే, ఆటో అబ్బాయి ఇంకో మాట లేకుండా తాడిగడప వైపు తిప్పుతాడు. 1987లో హైదరాబాదులో మొదలైన కంటి ఆసుపత్రికి ప్రసాద్ గారి కుటుంబం స్థలమూ ధనమూ ఇచ్చినందువల్ల ఆయన పేరు పెట్టారు; దానిని స్థాపించిన డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు గుంటూరు వైద్య కళాశాలలో చదువుకున్నవారు కావడం మన ప్రాంతానికి మరో బంధుత్వం. ఆ పేరు లక్షలాది మంది నోట నానడం ఆయనకు దక్కిన గౌరవమే. అయినా ఆ మనిషి కెమెరా వెనుక నిలబడి ఏం చేశారో, అంతకుముందు కెమెరా ముందు ఏం చేశారో తెలిసినవారు మాత్రం పలచబడిపోతున్నారు.

ఆయన అసలు పేరు అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. జనవరి 17న ఏలూరు దగ్గర సోమవరప్పాడులో వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. చదువు మీద కన్నా ఊళ్లోకి వచ్చే నాటక సమాజాల మీద, డేరా వేసి ఆడించే మూకీ బొమ్మల మీద మనసు ఎక్కువ. కుటుంబం అప్పుల్లో కూరుకుపోయిన కాలంలో, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బొంబాయి బండి ఎక్కారు. ఆ రోజుల్లో సినిమా వేషాల కోసం ఇల్లు విడిచినవాడిని ఊళ్లో ఏమనుకునేవారో ఆ తరం వాళ్ల నోట విన్నవారికి తెలుసు. దొంగతనం చేసి పారిపోయినవాడికైనా అంతకంటె మంచి పేరే ఉండేది. బొంబాయిలో ఆయనకు మొదట దొరికింది ఒక చిత్ర సంస్థలో చిల్లర పనులు చేసే కుర్రాడి కొలువు.

ఇక్కడ నుంచి ఆయన నట జీవితం చూడండి. 1931 మార్చి 14న విడుదలైన తొలి భారతీయ టాకీ 'ఆలంఆరా'లో ఆయనకొక చిన్న వేషం. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన తొలి తమిళ టాకీ 'కాళిదాస్'లో మరొక చిన్న వేషం. 1932లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో ఇంకొకటి. అందులో హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, లీలావతి సురభి కమలాబాయి, ప్రహ్లాదుడు సింధూరి కృష్ణారావు. మరి మన ప్రసాద్ గారు? ప్రహ్లాదుడితో కలిసి చదువుకునే మొద్దబ్బాయి. మూడు భాషల తొలి టాకీలలోనూ ఉన్న మనిషి అని వ్యాసాలలో ఒక వింతగా చెప్పి వదిలేస్తుంటారు. నాకు ఆ వింత కంటె ఆ వేషాల స్థాయి ముఖ్యమనిపిస్తుంది. మూడింటిలోనూ ఆయన నిలబడింది చట్రం అంచున. హిరణ్యకశిపుడి పద్యానికి ప్రహ్లాదుడు బదులిస్తున్నంతసేపూ వెనుక వరుసలో ఉన్న మొద్దబ్బాయి ఏం చెయ్యాలి? ఈ ప్రశ్న హీరో వేషం వేసినవాడికి జీవితంలో ఎదురుకాదు.

నేను నటుణ్ణని చెప్పుకునేంత వాణ్ణి కాను కాని, ఉద్యోగం చేసుకుంటూనే చాలా ఏళ్లు పరిషత్తు నాటికలలో చిన్నాచితకా వేషాలు వేశాను. కరణం గారి వెనుక లెడ్జరు పట్టుకొని నిలబడే గుమాస్తా, పెళ్లిచూపుల్లో కాఫీ గ్లాసులు అందించే బావమరిది, ఇలాంటివి. మాటలు ఉన్నవాడికి మాటే ఊతం. మాట లేనివాడికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. పక్కవాడు పలికే సంభాషణను తొలిసారి వింటున్నట్టు ముఖం పెట్టాలి. మరీ ఎక్కువ స్పందిస్తే ప్రేక్షకుల చూపు వీడి మీదకు మళ్లి సన్నివేశం చెడుతుంది, అసలు స్పందించకపోతే కొయ్యబొమ్మలా ఉన్నాడంటారు. రిహార్సల్స్‌లో దర్శకులు ఎనిమిది రోజులు కథానాయకుడి ఉచ్చారణ దిద్ది, చివరి రోజున మా వైపు తిరిగి 'మీరు అక్కడ నిలబడండి' అనేవారు. అంతటితో మా పాత్ర చిత్రణ ముగిసిందన్నమాట! ఆ 'అక్కడ' నిలబడినవాడికి కూడా ఒక ఇల్లూ, ఆకలీ, దురాశా ఉంటాయని తెలిసిన దర్శకుడు దొరకడం అరుదు. ప్రసాద్ గారు అలాంటి దర్శకులని నా నమ్మకం. వేషాల కోసం తిరిగిన ఆ పది పన్నెండేళ్లలోనే ఆయనకు ఆ జ్ఞానం అబ్బిందని నా వాదన.

ఆ ఏళ్లేమీ నల్లేరు మీద నడక కాదు. వేషాలు లేని రోజుల్లో బొంబాయిలో ఒక సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపే పని చేశారు. పృథ్వీ థియేటర్స్ వారితో పరిచయమై నాటకాల మీదున్న ఆకలి కొంత తీర్చుకున్నారు. సహాయ దర్శకుడిగా కుదిరిన చిత్రాలలో కొన్ని సగంలో ఆగిపోయాయి. గేటు దగ్గర పని గురించి రాసేవారు దానిని కష్టాల జాబితాలో చేర్చి సానుభూతి చూపుతారు. నాకైతే అది కూడా ఆయన చదువులో భాగమే అనిపిస్తుంది. ఒకే బొమ్మను రోజుకు మూడు ఆటలు, జనం ముఖాలు చూస్తూ చూసినవాడికి ఎక్కడ జనం కదులుతారో, ఎక్కడ బీడీ కోసం బయటికి లేస్తారో తెలిసిపోతుంది. ఆయన తీసిన మంచి చిత్రాలలో జనం లేచిపోయే చోట్లు చాలా తక్కువ.

1946లో వచ్చిన 'గృహప్రవేశం' ఆయన జీవితంలో మలుపు. త్రిపురనేని గోపీచంద్ కథ, భానుమతి కథానాయిక. సహాయ దర్శకుడిగా అందులోకి వెళ్లినవారు పరిస్థితులు కలిసివచ్చి దర్శకుడయ్యారు, కథానాయకుడి వేషం కూడా ఆయనకే వచ్చింది. అంటే వ్యాసకర్త పెట్టుకున్న కొలత ప్రకారం చూసినా, నటుడే దర్శకుడైన చిత్రం ఆయన ఖాతాలో 'త్యాగయ్య' వచ్చిన సంవత్సరంలోనే ఉన్నది! ఆ మరుసటి ఏడు, గూడవల్లి రామబ్రహ్మం గారు సగంలో వదిలి కన్నుమూసిన 'పల్నాటి యుద్ధం' చిత్రాన్ని ఆయన పూర్తిచేశారు. నాగమ్మగా కన్నాంబ, బ్రహ్మనాయుడుగా గోవిందరాజుల సుబ్బారావు, బాలచంద్రుడుగా అక్కినేని నాగేశ్వరరావు. మరొకరు మొదలుపెట్టిన చిత్రాన్ని వారి ధోరణి చెడకుండా ముగించడం వినయం ఉన్నవాడికే సాధ్యం. తన ముద్ర వేయాలని తహతహలాడేవాడికి ఆ పని అప్పగిస్తే ఏమవుతుందో ఈ మధ్య కాలంలో మనం చూస్తూనే ఉన్నాం.

ఆ తరువాత ఆయన క్రమంగా తెర ముందు నుంచి వెనక్కి జరిగారు. జరిగి ఏం చేశారన్నదానికి 1950లో వచ్చిన 'షావుకారు' నాకు మొదటి సాక్ష్యం. విజయా ప్రొడక్షన్స్ వారి తొలి చిత్రం. కథ, మాటలు మన తెనాలి చక్రపాణి గారివి. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లే, సంగీతం ఘంటసాల. ఇరుగుపొరుగు రెండు కుటుంబాలు, చిన్న మాట పట్టింపు, దానితో పెరిగిన పగ. ఇందులో కథానాయకుడు సత్యంగా ఎన్.టి. రామారావు ఉన్నారు, కథానాయిక సుబ్బులుగా జానకి ఉన్నారు. ఆ చిత్రం పేరే ఆమె ఇంటిపేరై జీవితాంతం వెంట నడిచింది. అయితే బొమ్మ చూసి బయటికి వచ్చాక మనలను వదలనిది చెంగయ్య. ఆ పాత్ర వేసిన గోవిందరాజుల సుబ్బారావు గారు తెనాలిలో వైద్యం చేసుకుంటూ నాటకాలు ఆడినవారు. వడ్డీ లెక్కలు చూసుకునేటప్పుడు ఆ ముఖంలో కనిపించేది దుర్మార్గం కాదు, ఒక రకమైన శ్రద్ధ. మన ప్రాంతంలో వడ్డీ వ్యాపారం చేసిన పెద్దమనుషుల ముఖాలు గుర్తున్నవారికి అదెంత నిజమో తెలుస్తుంది. అలాగే సున్నం రంగడు అనే రౌడీగా ఎస్.వి. రంగారావు. ఆ పాత్ర తెర మీద ఉండేది కొద్దిసేపే, అయినా వాడికొక నడక ఉంది, వాడి చూపుకొక బరువు ఉంది. ఆ రోజుల్లో 'షావుకారు' కాసులు కురిపించిన చిత్రం కాదు. కథానాయకుడి మీద వెలుగంతా పొయ్యకుండా ఊరందరికీ పంచిపెట్టిన చిత్రం కాబట్టి జనానికి అప్పట్లో కొత్తగా తోచిందేమో. ఇవాళ చూస్తే అదే దాని బలం.

కొత్తవారి విషయంలో ఆయన చూపు గురించి రెండు ఉదాహరణలు చెబుతాను. రెండూ మన జిల్లాలతో ముడిపడినవే. విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కళాశాలలోనూ గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలోనూ చదివి, నాటకాలాడి, ప్రత్తిపాడులో సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం వదులుకొని మద్రాసు వెళ్లిన రామారావు గారికి తొలిసారి తెర మీద కనిపించే అవకాశం 1949లో 'మనదేశం'లో ప్రసాద్ గారే ఇచ్చారు. ఇచ్చింది హీరో వేషం కాదు, ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు వేషం. చిత్రీకరణలో ఆయన నిజంగానే లాఠీ ఝుళిపించారన్న ముచ్చట సినిమా కబుర్లలో స్థిరపడిపోయింది. ఇచ్చిన చిన్న వేషాన్నే ప్రాణం పెట్టి చేసే కుర్రవాడిని, చిన్న వేషాల మీదనే బతికిన దర్శకుడు గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు? ఏడాది తిరిగేసరికి 'షావుకారు'లో కథానాయకుణ్ణి చేశారు.

రెండవది సావిత్రి సంగతి. తాడేపల్లి పక్కన చిర్రావూరులో పుట్టి, విజయవాడలో పెరిగి, ఇక్కడి నాటకాలలో, నృత్య ప్రదర్శనలలో పాల్గొన్న ఆ అమ్మాయికి 1950 నాటి 'సంసారం'లో ముందు అనుకున్న పాత్ర దక్కలేదు. బెరుకు వల్ల ఆ పాత్రను నిలబెట్టుకోలేకపోయి, చివరికి ఒక చిన్న కనిపింపుతో సరిపెట్టుకున్నది. దర్శకుడు ప్రసాద్ గారే. నిర్దయగా తీసేశారని ఎవరైనా అనవచ్చు. కాని రెండేళ్లకు 'పెళ్లిచేసి చూడు'లో రెండవ నాయికగా ఆమెనే తీసుకున్నదీ ఆయన చిత్రమే. ఆ తరువాత 'మిస్సమ్మ'. భానుమతి గారితో కొన్ని రీళ్లు తీశాక ఆమెకూ చక్రపాణి గారికీ పట్టింపు వచ్చి ఆమె తప్పుకోవడం, రెండవ నాయికగా ఉన్న సావిత్రిని మేరీ పాత్రకు జరిపి, ఆ స్థానంలోకి జమునను తీసుకురావడం అందరూ ఎరిగిన కథే. ఒకప్పుడు బెదిరి వెనక్కి తగ్గిన అమ్మాయి చేత, రామారావు, నాగేశ్వరరావు, రంగారావు ముగ్గురూ ఉన్న చిత్రాన్ని మోయించగలగడం దర్శకుడి పని. మేరీగా సావిత్రి చేసిందేమిటో మనందరికీ తెలుసు. ఆమె చేత చేయించినవారి పేరు తలుచుకునే అలవాటు మాత్రం మనకు లేదు.

1955 జనవరి 12న విడుదలైన 'మిస్సమ్మ' గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటించే ఇద్దరు నిరుద్యోగుల కథ అది. అంటే ఆ ఇద్దరు నటులు, నటిస్తున్న ఇద్దరు మనుషులుగా నటించాలి. మేరీకి నటించడం రాదు, రామారావు వేసిన ఎం.టి. రావుకు నటన సరదాగా ఉంటుంది. జమీందారు ఇంట్లో హిందూ సంప్రదాయాలు మీద పడినప్పుడల్లా మేరీ ముఖంలో చిరాకు ఒక క్షణం పైకి తేలి, మరుక్షణం బతుకుతెరువు గుర్తుకొచ్చి లోపలికి పోతుంది. ఆ రెండు క్షణాల మధ్య సావిత్రి కళ్లు చూడండి. పెద్దగా ఏమీ జరగదు. కంటి రెప్ప కొంచెం ఆలస్యంగా పడుతుంది, అంతే. వెన్నెల్లో చందమామకు ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేసుకునే పాట ఉంది కదా, సాలూరి రాజేశ్వరరావు గారి స్వరం, పింగళి వారి రచన. అందులో ఇద్దరూ దూరదూరంగానే ఉంటారు, ఒకరినొకరు సరిగా చూసుకోరు కూడా. అంతటి యుగళగీతాన్ని ఎడముఖం పెడముఖంగా తీయాలంటే ధైర్యం కావాలి. నటుల మీద నమ్మకం లేని దర్శకుడు ఇద్దరినీ చెట్ల చుట్టూ పరుగెత్తించి ఉండేవాడు.

నా వాదనకు అసలు బలం ఆ చిత్రంలోని తక్కిన వాళ్లలో ఉంది. దేవయ్యగా రేలంగి, డేవిడ్‌గా రమణారెడ్డి, జమీందారు దంపతులుగా ఋష్యేంద్రమణి, రంగారావు. వీళ్లలో ఏ ఒక్కరూ కథానాయకుడికి మాట అందివ్వడానికి వచ్చినట్టు ఉండరు. దేవయ్య గదిలోకి వచ్చిన ప్రతిసారీ వాడి మనసులో ఒక సొంత లెక్క నడుస్తూ ఉంటుంది, అది మనకు కనిపిస్తుంది. డేవిడ్ అప్పు వసూలుకు వచ్చినట్టే వస్తాడు, కాని వాడి ఒంటి విరుపులో పెళ్లి ఆశ తెలిసిపోతుంది. 'దేవదాసు' వంటి విషాద పాత్ర చేసి వచ్చిన నాగేశ్వరరావు గారు కావాలని ఎంచుకున్న డిటెక్టివ్ రాజు వేషం మరీ తమాషా. అంత పెద్ద హీరో, కథ వెనుక అడుగులు వేస్తూ, తలుపు చాటున పొంచి ఉండి, అందరికంటె ఎక్కువ తెలివిగలవాడినన్న భ్రమలో తిరుగుతుంటాడు. హీరోను అంచుకు జరిపి కూడా అతని గౌరవం తగ్గకుండా చూడాలంటే, అంచు మీద నిలబడిన అనుభవం దర్శకుడికి ఉండి తీరాలి.

ప్రసాద్ గారు ప్రతి పాత్రనూ, ఆడ పాత్రలతో సహా, ముందు తానే నటించి చూపేవారని ఆయనతో పనిచేసిన నటీనటులు చెప్పినదే. ఈ పద్ధతికి ఒక ప్రమాదం ఉన్నది. దర్శకుడు మంచి నటుడైతే అందరూ ఆయనను అనుకరించి, చివరికి తెర నిండా ఒకే మనిషి పది వేషాల్లో ఉన్నట్టు తయారవుతుంది. మా నాటక పరిషత్తులలో ఈ జబ్బు బాగా ఎరిగినదే. ప్రసాద్ గారి చిత్రాలలో అలా జరగలేదు. రేలంగి రేలంగిలాగే ఉంటారు, రమణారెడ్డి రమణారెడ్డిలాగే. ఆయన చూపించింది ముఖకవళికలు కాక, ఆ సన్నివేశంలో ఆ మనిషికి కావలసిందేమిటో అది అయి ఉండాలని నేను ఊహిస్తాను. అది తెలిసిన నటుడు తన ఒంటికి తగినట్టు చేసుకుంటాడు.

స్టార్లు దర్శకులైనప్పుడు జరిగేది వేరు. దానిని నేను తప్పుబట్టడం లేదు. 'దానవీరశూర కర్ణ'లో రామారావు గారు మూడు పాత్రలు తానే ధరించి, ఆ బరువుకు తగినట్టు చిత్రాన్ని నిర్మించుకున్నారు. అది ఆయన ఒక్కరికే చెల్లిన సాహసం. అక్కడ మొత్తం చిత్రం మధ్యలో నిలబడిన ఒక మనిషి చుట్టూ తిరుగుతుంది. ప్రసాద్ గారి చిత్రంలో మధ్య అనేది ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది. ఈ రెండూ నటుడి నుంచి దర్శకుడికి వెళ్లే రెండు వేర్వేరు దారులు. మీ వ్యాసం మొదటి దారిని మాత్రమే దారిగా లెక్కపెట్టింది.

ఆయన తీసినవన్నీ ఒకే ఎత్తున ఉన్నాయని నేను అనను. 1959 నాటి 'అప్పుచేసి పప్పుకూడు'లో మొదటి సగంలో ఉన్న చురుకు రెండవ సగంలో సన్నగిల్లిందని నాకెప్పుడూ అనిపిస్తుంది. హిందీలో తీసిన 'ఛోటీ బహెన్' వంటి వాటిలో కన్నీటి మోతాదు ఎక్కువ. అవి అక్కడ బాగా ఆడాయి, నాకు మాత్రం ఒకసారి చూస్తే చాలనిపించాయి. తమిళంలో కరుణానిధి మాటలతో, శివాజీ గణేశన్‌తో తీసిన 'మనోహర' సంభాషణల చిత్రం. అక్కడ ప్రసాద్ గారి నెమ్మదితనం కంటె మాటల ఉరుమే ముందుంటుంది. పృథ్వీరాజ్ కపూర్ ఉన్న 'ఆలంఆరా'లో మూలన నిలబడిన మనిషి, 1957లో పృథ్వీరాజ్ కుమారుడు రాజ్ కపూర్‌ను 'శారద'లో నడిపించారు. 1956లో ప్రసాద్ ప్రొడక్షన్స్ ఏర్పడ్డాక క్రమంగా నిర్మాణం ఆయనను మింగింది. 'మిలన్', 'ఖిలోనా', 'ఏక్ దూజే కే లియే' వంటి పెద్ద విజయాలన్నిటికీ నిర్మాత ఆయనే, దర్శకులు వేరువేరు. స్టూడియో, లాబొరేటరీ, వాటి వ్యవహారాలు. ఆయన వాటిలోకి వెళ్లకపోయి ఉంటే తెలుగులో ఇంకో నాలుగైదు 'మిస్సమ్మ'లు ఉండేవేమోనన్నది నా స్వార్థపు చింత. 1980లో తొలి రఘుపతి వెంకయ్య పురస్కారం, 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనకు వచ్చాయి. 1994 జూన్ 22న కన్నుమూశారు. 2006లో తపాలా శాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది.

నటన మాత్రం ఆయనను పూర్తిగా వదలలేదు. 1981లో, డెబ్భై దాటిన వయసులో, కమల్ హాసన్ అంధ వయొలిన్ విద్వాంసుడిగా నటించిన 'అమావాస్య చంద్రుడు'లో కథానాయికకు తాతగా కనిపించారు. దర్శకులు సింగీతం శ్రీనివాసరావు. అదే ఏడాది అదే కమల్ హాసన్‌తో ఆయన నిర్మించిన 'ఏక్ దూజే కే లియే' దేశమంతా ఊగిపోయేలా ఆడుతుండగా, ఈయన వేరొకరి చిత్రంలో తాత వేషం వేసుకొని దర్శకుడు చెప్పినట్టు నిలబడ్డారు. ఆ తాత తెర మీదకు వచ్చినప్పుడు గమనించండి: మనవరాలు మాట్లాడుతున్నంతసేపూ ఆయన వింటూ ఉంటారు. విన్నట్టు నటించడం కాదు. వినడమే. యాభై ఏళ్ల కిందటి మొద్దబ్బాయికి ఎవరూ నేర్పని పాఠం ఆయన తనంత తాను నేర్చుకున్నారు.

'ఆయన పేరున్న నటుడు కాదు కదా, అందుకే వదిలేశాం' అని మీ వ్యాసకర్త అనవచ్చు. దానికి నా సమాధానం ఒక్కటే. చిన్న నటుడు నటుడు కాడా? నాటక సమాజాలలో, పరిషత్తులలో, ఇప్పటి టీవీ సీరియళ్లలో, పది మందిలో ఎనిమిది మంది చిన్న వేషాలవారే. అందులో కొందరికి దర్శకత్వం మీద ఆశ ఉన్నది. వారి ముందు మనం పెట్టే ఉదాహరణలన్నీ స్టార్లవే అయితే, ముందు స్టారు కావాలి, ఆ తరువాతనే దర్శకత్వం అని వారనుకుంటారు. విజయవాడ, గుంటూరు ప్రాంతాలలో నాటికలు ఆడే యువకులు కొందరు ఇప్పుడు ఫోనుతోనే లఘు చిత్రాలు తీస్తున్నారు. వాటిలో కొన్ని నేను చూశాను. కెమెరా పనితనం ముచ్చటగా ఉంటుంది, ఎడిటింగు చకచకా ఉంటుంది. కథానాయకుడు కాక తక్కినవారంతా తమ వంతు మాట వచ్చేదాకా ఎదురుచూస్తూ నిలబడి ఉంటారు. వారికి 'షావుకారు', 'మిస్సమ్మ' చూపించి, హీరోను వదిలేసి పక్కవాళ్లను మాత్రమే చూడమని చెప్పేవారు కావాలి.

అందువల్ల నాకు రెండు కోరికలున్నాయి. మొదటిది మీకు: ఆ వ్యాసానికి కొనసాగింపుగా ప్రసాద్ గారి నటజీవితం మీద, దాని నుంచి ఆయన దర్శకత్వం ఎలా రూపుదిద్దుకున్నదన్నదాని మీద ఒక సమగ్రమైన వ్యాసం వేయించండి. నిర్మాతగా ఆయన గురించి ఇప్పటికే చాలా వచ్చింది, దానిని మళ్లీ రాయనక్కరలేదు. ఆయన దగ్గర పనిచేసిన సాంకేతిక నిపుణులలో ఎవరైనా ఇంకా ఉంటే వారిని పలకరించండి. పాత చిత్రాల పాటల పుస్తకాలు, కరపత్రాలు దాచుకున్న కుటుంబాలు మన రెండు జిల్లాలలో చాలా ఉన్నాయి. 'గృహప్రవేశం' నాటివి ఎవరి దగ్గరైనా ఉంటే పంపమని మీ పత్రిక ఒక ప్రకటన ఇస్తే బాగుంటుంది.

రెండవది ఇక్కడి సాంస్కృతిక సంస్థలకు, నాటక పరిషత్తుల నిర్వాహకులకు. జనవరి 17 ఆయన పుట్టినరోజు. విజయవాడ తుమ్మలపల్లి వారి కళాక్షేత్రంలోనో, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనో ఆ రోజున ఆయన చిత్రం ఒకటి ప్రదర్శించండి. దండలు, శాలువలు, అతిథుల ప్రసంగాలు వద్దు. వాటితోనే పూట గడిచిపోతుంది. బొమ్మ ఆడించి, అయ్యాక చిన్న వేషాలు వేసే నలుగురు నటులను వేదిక మీద కూర్చోబెట్టి, ఏ సన్నివేశంలో ఎవరేం చేశారో వాళ్ల చేత చెప్పించండి. హాలు అద్దెకు, ప్రదర్శన ఖర్చుకు నా వంతు చందా ఇవ్వడానికి నేను సిద్ధం. నిర్వహణకు ముందుకు వచ్చే సంస్థ ఏదైనా ఉంటే మీ పత్రిక ద్వారా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ.